చీటీకెక్కిన మాట

2013 మే 30 రాత్రి. అమెరికా రాజధాని వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న నేషనల్ హార్బర్‌లో స్పెల్లింగ్ బీ ఫైనల్ జరుగుతోంది. మైకు ముందు పదమూడేళ్ల అరవింద్ మహంకాళి. హైదరాబాద్ మూలాలున్న కుటుంబం, న్యూయార్క్‌లో కాపురం. అంతకు ముందు రెండేళ్లూ మూడో స్థానంతోనే ఇంటికి వెళ్లాడు. రెండుసార్లూ కాలికి అడ్డం పడింది జర్మన్ మూలం ఉన్న మాటే. ఈసారి చివర్లో వచ్చిందీ ఆ తాను ముక్కే. జర్మన్‌కు దగ్గరి చుట్టమైన యిడ్డిష్ భాషలోంచి వచ్చిన మాట, క్నేడెల్. కుర్రాడు తడబడలేదు. కే, ఎన్, ఏ, ఐ, డి, ఈ, ఎల్. అంతే, పైనుంచి రంగు కాగితాల వాన. కప్పు, 30 వేల డాలర్లు.

క్నేడెల్ అంటే యూదుల ఇళ్లలో చికెన్ సూప్‌లో వేసే పిండి ఉండ. అరవింద్ అప్పటిదాకా దాన్ని నోట పెట్టుకోలేదు. తిననివాడు స్పెల్లింగ్ ఒప్పజెప్పి కప్పు గెలిచాడు. తెల్లారేసరికి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ ఉండలు తింటున్నవాళ్లు లేచి, అసలు ఆ స్పెల్లింగే తప్పన్నారు! న్యూయార్క్‌లో యిడ్డిష్ భాషకు పెద్దదిక్కు లాంటి యీవో సంస్థ లెక్క ప్రకారం అది కే, ఎన్, ఈ, వై, డి, ఎల్. మా అమ్మ ఇలా రాసేదని ఒకరు, మా బామ్మ అలా రాసేదని మరొకరు.

యిడ్డిష్‌ను రాసేది హీబ్రూ లిపిలో. ఇంగ్లిష్‌లోకి దించేటప్పుడు ఎవరి చేతికి వచ్చినట్టు వారు దించుకుంటారు. మన హైవే హోటళ్ల బోర్డుల మీద గోంగూరకు ఎన్ని స్పెల్లింగులున్నాయో చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పోటీ నిర్వాహకులు మాత్రం చర్చలోకే దిగలేదు. మాకు ప్రమాణం ఒక్క పుస్తకం, మెరియమ్ సంస్థ వేసిన వెబ్‌స్టర్స్ థర్డ్ డిక్షనరీ, అందులో ఎలా ఉంటే అదే ఒప్పు అన్నారు. అక్కడితో గొడవ సద్దుమణిగింది.

పోటీకి ఏదో ఒక హద్దు కావాలి కాబట్టి అది సబబే. కానీ ఇళ్లలో, బళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో మనం వాదించుకునేదీ ఆ వరసలోనే. ఎవరైనా వింత ఇంగ్లిష్ మాట వాడితే, 'అది డిక్షనరీలో ఉందా?' అంటాం. ఉంటే ఒప్పేసుకుంటాం, లేకపోతే నవ్వుతాం. మరి ఆ డిక్షనరీలోకి మాట ఏ దారిన వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. ఆ దారి చూస్తే నవ్వు ఎవరి మీదకు మళ్లుతుందో చెప్పలేం.

ఐదేళ్లు బతికిన డోర్డ్

అరవింద్‌ను గెలిపించిన పుస్తకానికి అన్న లాంటిది వెబ్‌స్టర్ రెండో కూర్పు. 1934లో వచ్చింది. ఒక మనిషి చేత్తో ఎత్తి పట్టుకు చదవలేనంత బరువు. దాని 771వ పేజీలో డోర్డ్ అనే మాట ఉండేది. నామవాచకమట. భౌతిక, రసాయన శాస్త్రాల్లో వాడతారట. అర్థం సాంద్రత. ఎలా పలకాలో గుర్తులతో సహా వేశారు.

అసలు జరిగింది ఇదీ. 1931 జులైలో ఆ నిఘంటువుకు రసాయన శాస్త్రం చూసే ఆస్టిన్ ప్యాటర్సన్ ఒక చీటీ రాసి పంపాడు. సాంద్రతను సూచించడానికి పెద్దబడి 'డి' రాయొచ్చు, లేదా చిన్నబడి 'డి' రాయొచ్చు అని దాని తాత్పర్యం. అది పొట్టి గుర్తుల పట్టికలోకి వెళ్లాల్సిన చీటీ. ఇంగ్లిష్‌లో 'లేదా' అన్న మాటకు ఉన్నవి రెండే అక్షరాలు, ఓ, ఆర్. అటొక డి, ఇటొక డి, మధ్యలో ఈ రెండూ. ఆ ఆఫీసులో పదాలను అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలి టైపు చేసే అలవాటు ఉండటంతో, చీటీ అందుకున్నవారు నాలుగు అక్షరాలనూ కలిపి చదివేశారు. డోర్డ్ పుట్టింది. చీటీ పదాల దొంతరలోకి వెళ్లింది. ఉచ్చారణ చూసేవారు ఉచ్చారణ తగిలించారు. ప్రూఫులు దిద్దినవారు దిద్దారు. ఎవరి బల్ల మీద పని వారు శుభ్రంగా చేశారు. తప్పు ఒక్కొక్క బల్లా దాటుకుంటూ అచ్చుకు చేరింది.

ఐదేళ్ల తర్వాత, 1939 ఫిబ్రవరి 28న, ఒక సంపాదకుడి కన్ను దాని మీద పడింది. పక్క మాటలన్నింటికీ లాటిన్ నుంచో గ్రీకు నుంచో వచ్చినట్టు పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. దీనికి లేవు. తల్లీతండ్రీ ఊరూ పేరూ లేని మాట ఏమిటని పాత చీటీలు తిరగేస్తే గుట్టు బయటపడింది. ఆ తర్వాత ముద్రణల్లోంచి డోర్డ్‌ను తీసేశారు.

ఇలాంటి వాటికి ఇంగ్లిష్‌లో దయ్యం మాటలని పేరు. 1886లో వాల్టర్ స్కీట్ అనే పండితుడు పెట్టాడు. అచ్చుతప్పుల నుంచో, రాతప్రతిని తప్పుగా చదవడం నుంచో పుట్టి, ఒక నిఘంటువును చూసి ఇంకో నిఘంటువు ఎక్కించుకుంటూ పోతే తరాల తరబడి తిరిగే మాటలవి.

దీనికి సరిగ్గా తలకిందుల కథ ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువుది. అందులో ఒకప్పుడు బాండ్‌మెయిడ్ అనే మాట లేదు. బానిస పిల్ల అని అర్థం. పాత ఇంగ్లిష్ బైబిళ్లలో ఉన్న మాట. ఇంటింటా చదివిన గ్రంథంలోని మాటను మరిచిపోవడం ఎలా కుదురుతుంది? కుదిరింది. ఆ మాట తాలూకు చీటీలు ఎక్కడో జారిపోయాయి. చీటీ లేదు గనుక మాట లేదు. 1933లో అనుబంధ సంపుటం వచ్చేదాకా దానికి చోటు దక్కలేదు. అంటే 1934 నాటికి అట్లాంటిక్‌కు అటువైపు ఎవరూ పలకని మాట డిక్షనరీలో ఉంది. ఇటువైపు కోట్లమంది చదివిన మాట అర్ధ శతాబ్దం బయట నిలబడి అప్పుడే లోపలికొచ్చింది.

చీటీల కొలువు

చీటీ చీటీ అంటున్నాను, అదేమిటో చెప్పాలి. 1857లో లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ కొత్త నిఘంటువు తలపెట్టింది, తర్వాత ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు అయింది అదే. 1879 నుంచి ఆ బరువు మోసినవాడు జేమ్స్ మర్రే. ఇంటి ఆవరణలో రేకుల షెడ్డు వేయించి, గోడల నిండా గూళ్లు కొట్టించాడు. దేశదేశాల పాఠకులకు విన్నపం పంపాడు: పుస్తకాలు చదవండి, మాట కనబడితే చీటీ మీద ఆ మాట, అది వచ్చిన వాక్యం మొత్తం, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ రాసి పంపండి అని. గుమాస్తాలూ, పాదిరీలూ, ఇల్లాళ్లూ పంపారు. హత్యానేరం మీద మానసిక ఆసుపత్రిలో బందీగా ఉన్న డాక్టర్ మైనర్ వేల కొద్దీ పంపాడు. మొత్తం 50 లక్షల దాకా పోగయ్యాయి. 1928లో పని ముగిసేసరికి 4,14,825 మాటలు. ముగింపు చూడటానికి మర్రే లేడు, 1915లోనే పోయాడు.

ఈ పద్ధతి నాకెందుకు నచ్చుతుందంటే, అందులో పండితుడి ఇష్టానికి విలువ లేదు. మాట అందంగా ఉందా, వ్యాకరణానికి ఒదిగిందా, పెద్దింటిదా, పేదింటిదా అని అడగరు. ఎవరు వాడారు, ఎప్పుడు, ఏ వాక్యంలో? అంతే. రిజిస్ట్రారు ఆఫీసులో లాగా సాక్షులుండాలి. ఆ సాక్షులు ఒకరినొకరు చూసి నేర్చుకున్నవాళ్లు కాకూడదు, వేర్వేరు ఊళ్లవాళ్లై, వేర్వేరు ఏళ్లలో మాట్లాడినవాళ్లై ఉండాలి. మెరియమ్ వాళ్లు అడిగేదీ ఇంచుమించు ఇదే: నలుగురూ వాడుతుండాలి, కొన్నాళ్లు నిలవాలి, అర్థం తెలిసేలా వాడాలి.

అందరికీ ఇది నచ్చలేదు. వెబ్‌స్టర్స్ థర్డ్ 1961లో వచ్చినప్పుడు అమెరికా పత్రికలు విరుచుకుపడ్డాయి. జనం నోట నలిగే 'ఎయింట్' లాంటి మాటను సరిగ్గా చీవాట్లు పెట్టకుండా చేర్చుకున్నారని కోపం. తలుపు బార్లా తెరిచారని, ఏది ఒప్పో ఏది తప్పో చెప్పకపోతే డిక్షనరీ ఎందుకని నిలదీశారు. మేం పాత రెండో కూర్పునే వాడుకుంటామని న్యూయార్క్ టైమ్స్ ప్రకటించింది. డోర్డ్ పుట్టిన కూర్పు అదే మరి! కొత్త పుస్తకానికి సంపాదకుడు ఫిలిప్ గోవ్. డోర్డ్ కథను 1954లో వ్యాసంగా రాసి బయటపెట్టిందీ ఆయనే. సాంద్రతకు డోర్డ్ అనే మాట ఉంటే మాత్రం ఏం పోయిందని అందులో కొంటెగా వగచాడు కూడా. విలువల్లేవని నాడు అందరూ తిట్టిన ఆ పుస్తకమే తర్వాత స్పెల్లింగ్ బీకి ధర్మశాస్త్రం అయింది. మన పిల్లలు బట్టీ పట్టింది దాన్నే.

చూపించే మాట, వాడే మాట

2021 మేలో కొవిడ్ రెండో అల రోజులు గుర్తున్నాయి కదా. మందుల పేర్లు నోరు తిరగక, వీటిని పెట్టేదెవరు, ఇందులో పెద్దపెద్ద ఇంగ్లిష్ మాటలకు పేరుపడ్డ రాజకీయ నేత శశి థరూర్ చెయ్యి ఉందేమోనని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ట్విటర్‌లో సరదాగా అన్నారు. నా తప్పేం లేదంటూనే థరూర్ 29 అక్షరాల మాటొకటి విసిరారు: ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. ఆ కష్టకాలంలోనూ జనం ఓ పూట నవ్వుకున్నారు.

ఈ మాట వెనక పెద్ద రహస్యం లేదు. ఫలానాదాన్ని నేను లెక్కచేయను అనడానికి లాటిన్‌లో నాలుగు మాటలున్నాయి. ఒకటి ఉన్ని పోగు, ఒకటి పనికిమాలిన చిన్న వస్తువు, ఒకటి శూన్యం, ఒకటి వెంట్రుక. ఇంగ్లండ్ బడిపిల్లల వ్యాకరణ పుస్తకంలో ఇవి ఒక పట్టికలో ఉండేవి. ఎవరో చిలిపివాళ్లు నాలుగింటినీ ఒకే తాటికి గుచ్చి చివర తోక తగిలించారు. మనం పూచికపుల్ల కింద తీసిపారేయడం అంటామే, అదే. పూచికపుల్ల, గడ్డిపోచ, చిల్లిగవ్వ, వెంట్రుకముక్క కలిపి 'పూచికగడ్డిగవ్వవెంట్రుకీకరణం' అన్నట్టు. తెలుగులో ఎవరైనా అలా అంటే వేళాకోళమని తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో అనేసరికి మనకు వణుకు పుడుతుంది.

అయినా ఇది నిజమైన మాటే అంటాను. 1741లో విలియం షెన్‌స్టన్ అనే కవి ఒక ఉత్తరంలో దీన్ని వాడాడు. పొడుగు చూపించుకోవడానికి కాదు, డబ్బును లెక్కచేయని స్నేహితుడి గుణాన్ని మెచ్చుకోవడానికి. 2012లో బ్రిటన్ పార్లమెంటులో ఒక సభ్యుడు యూరప్ జడ్జీల గురించి మాట్లాడుతూ వాడాడు. థరూర్ కూడా 'నన్నింత చులకన చేస్తారా' అని చెప్పడానికే వాడారు. నవ్వు కోసమే కావచ్చు, కానీ ఆ వాక్యంలో ఆ మాటకు ఒక పని ఉంది.

దీని పక్కన 45 అక్షరాల న్యూమోనో పెట్టి చూడండి. పూర్తి పేరు న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్. అగ్నిపర్వతపు సన్నని దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బట. 1935లో అమెరికాలోని పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్, నిఘంటువుల్లోని పొడుగు మాటలన్నింటినీ ఓడించాలనే పట్టుదలతో అల్లాడు. పత్రికలో వచ్చింది. పత్రికను చూసి పుస్తకాల్లోకి, పుస్తకాలను చూసి నిఘంటువుల్లోకి ఎక్కింది. ఏ డాక్టరూ చీటీ మీద ఆ మాట రాయడు. రాతి క్వారీల్లో దుమ్ము పీల్చి పడిపోయే కూలీల కాగితాల మీద ఉండేది సిలికోసిస్ అనే చిన్న మాటే.

ఇక మన క్విజ్ పోటీల పాత నేస్తం, 28 అక్షరాల యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం. చర్చిని ప్రభుత్వం నుంచి విడదీయడాన్ని వ్యతిరేకించడం దాని అర్థం. మెరియమ్ వాళ్లు దీన్ని తమ డిక్షనరీలో చేర్చుకోలేదు. ఎంతో పేరున్న మాట కదా అంటే, వాళ్ల జవాబు నాకు భలే నచ్చింది: అందరూ దీన్ని పొడుగు మాటకు ఉదాహరణగా చూపిస్తున్నారే గానీ, ఏదైనా చెప్పడానికి వాడేవాళ్లు కనబడటం లేదు.

నా తీర్పు కూడా ఇక్కడే ఉంది. చూపించడానికి తీసే మాట పెట్టెలో పట్టుచీర లాంటిది, కట్టుకున్న చీర లాంటిది వాడిన మాట. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడటం రాదు! కొన్ని వారాలపాటు కూర్చుని ఫ్రెంచ్ పదాల జాబితాను కంఠస్థం చేశాడు. ఆ ఘనతకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆయన ఆట పలకలతో పేర్చినవి ఆయనకు మాటలు కావు, చెల్లుబాటయ్యే అక్షరాల వరసలు.

తమాషా ఏమిటంటే దొంగమాట కూడా వాడుకలో పడితే దొరైపోతుంది. 2001లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ వాళ్లు తమ పదాలను ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి ఎస్క్వివేలియన్స్ అనే కల్పిత పదాన్ని ఎర వేశారు. కావాలని డ్యూటీ ఎగ్గొట్టడం అని అర్థం ఇచ్చారు. 2005లో గుట్టు రట్టయింది. అప్పటి నుంచీ దాని గురించి రాసేవాళ్లు, సరదాగా వాడేవాళ్లు తయారయ్యారు. అర్థం చూస్తే మన కొన్ని ఆఫీసుల్లో రోజూ పనికొచ్చేదే.

మన గడపలోంచి వెళ్లినవి

తొమ్మిదో తరగతిలో సెలవు చీటీలో 'అక్క పెళ్లి ప్రీపోన్ అయింది' అని రాస్తే మా ఇంగ్లిష్ మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. 'పోస్ట్‌పోన్ ఉంది గానీ ప్రీపోన్ లేదురా, అది మనవాళ్ల పైత్యం' అన్నారు. చాలా ఏళ్లు నేనూ అదే నమ్మి, ఇంకొందరికి చెప్పాను.

ఆక్స్‌ఫర్డ్ వాళ్ల చీటీల్లో మరో సంగతి బయటపడింది. 1913 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఇంత ఉరుకులు పరుగుల కాలంలో పోస్ట్‌పోన్‌కు జోడీగా ప్రీపోన్ అనే మాట ఉండాలి, ముఖ్యంగా లాయర్లకు పనికొస్తుంది, దాన్ని నేను పుట్టిస్తున్నాను అని. అక్కడెవరూ పట్టించుకోలేదు. అక్కడ మొలకెత్తనిది ఇక్కడ కాపుకొచ్చింది. పరీక్షలు, ముహూర్తాలు, మీటింగులు ముందుకు జరపడం మనకు నిత్యకృత్యం. ఆ అవసరమే మాటను బతికించింది. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఉంది. మాస్టారు ఉంటే చూపించేవాణ్ణి.

బ్యాండికూట్ ప్రయాణం ఇంకా పాతది. మన పందికొక్కే. తెల్లదొరల చెవిన పడి 18వ శతాబ్దంలోనే ఇంగ్లిష్‌లో చేరింది. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు అక్కడ పొట్టకు సంచి ఉన్న వేరే జంతువును చూసి, పోలిక బాగుందని దానికీ అదే పేరు పెట్టారు. 1996లో క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ వచ్చి లోకమంతా పాకింది. ధాన్యపు గాదెల్లో మన రైతు తిట్టుకుంటూ పిలిచిన పేరుతో అమెరికా, జపాన్ పిల్లలు ఆటలాడుతున్నారు. 'అయ్యో' 2016లో ఆక్స్‌ఫర్డ్‌లోకి వెళ్లింది. ఆ మర్నాడు 'అయ్యో, మన మాటకు గుర్తింపు వచ్చింది' అని పండగ చేసుకున్నాం. నాకది కొంచెం విడ్డూరంగా తోచింది. ఆక్స్‌ఫర్డ్ రాసుకోకముందు మన అయ్యోలో ఏం లోటు ఉందని?

చీటీ పద్ధతికి ఉన్న లోపం కూడా చెప్పాలి. దానికి కళ్లే గానీ చాలాకాలం చెవులు లేవు. అచ్చులో పడ్డదే అది చూసింది. నోటితో మాత్రమే బతికిన మాటలు, ముఖ్యంగా చదువులేనివాళ్ల మాటలు జారిపోయాయి. ఈ విషయంలో మనవాళ్లు చేసిన ఒక పని గొప్పది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం కోసం ఊరూరా రైతుల దగ్గరకు వెళ్లి, నాగలి భాగాల దగ్గర్నుంచి నోటి మాటలనే రాసుకున్నారు. రెండోది చేనేతవాళ్ల మాటలు. అక్కడ సాక్షి పుస్తకం కాదు, మనిషి.

ఇంగ్లిష్‌లో మనం నోటితో బతికిస్తున్న మాటొకటి ఉంది: కో-బ్రదర్. తోడల్లుడు అని చెప్పడానికి ఇంగ్లిష్‌వాడి దగ్గర మాట లేదు. వాడికి బావా, బావమరిదీ, తోడల్లుడూ అందరూ బ్రదరిన్‌లాయే. పెళ్లిలో పరిచయాలు చేసేటప్పుడు మనకది చాలదు. అందుకే 'మా కో-బ్రదర్ అండీ' అంటాం, తోటికోడల్ని కో-సిస్టర్ అంటాం. అలాంటి మాట లేదని అమెరికాలో చదువుకొచ్చిన మేనల్లుడు నవ్వొచ్చు. నవ్వనివ్వండి.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఈనాటికీ పాఠకుల నుంచి ఆధారాలు తీసుకుంటున్నారు, ఇంట్లో కూర్చునే పంపొచ్చు. మీ అటక మీద ఇంగ్లిష్‌లో అచ్చయిన పాత శుభలేఖ, సంస్మరణ సంచిక, కోర్టు కాగితం ఏదైనా ఉంటే ఒకసారి దులిపి చూడండి. అందులో కో-బ్రదర్ కనబడితే వాక్యం మొత్తం రాసి పెట్టుకోండి. సంవత్సరం, పేజీ మరవకండి. పాతదైతే మరీ మంచిది.